సున్నా ఊపిరి

సున్నా పెట్టే రోజు వస్తోందంటే, రెండు రోజుల ముందు నుంచే ఢిల్లేశ్వరి ఉల్లిపాయ ముట్టేది కాదు. వెల్లుల్లి, ఎండుచేపలు, కాఫీ అన్నీ మానేసేది. ఆ రోజు పొద్దున్నే వట్టి నీళ్లతో నోరు పుక్కిలించి, చప్పటి గంజి తాగి, సంస్థవాళ్లు ఇచ్చిన మూడు చక్రాల బండి ఎక్కేది.

ఆమె పని యంత్రాలను చూసుకోవడం. శ్రీకాకుళం జిల్లా సముద్రతీరం వెంబడి, కొబ్బరితోటలూ జీడితోటలూ ఉన్న ఊళ్లలో ఇరవై మూడు యంత్రాలు ఆమె చేతి కింద ఉండేవి. బస్సు ఆగేచోటో, రేషను దుకాణం పక్కనో మనిషెత్తున నిలబడి ఉండే ఆ నీలం బీరువాలను జనం ‘ఊపిరి పెట్టె’ అనేవారు. గొట్టానికి నోరు ఆనించి ఊదితే లోపలి పొర ఆ ఊపిరిని వాసన చూసేది. ఎండకు సొమ్మసిల్లినవాళ్లకి ఉప్పూ పంచదారా కలిపిన పొడి, రక్తం తక్కువైన ఆడవాళ్లకి ఐరన్ మాత్రలు, ఒళ్లు నొప్పులవాళ్లకి కిడ్నీకి చేటు చేయని మాత్ర కింది అరలో పడేవి. వాటితోపాటు ఒక చీటీ వచ్చేది. అంతా బాగుంటే పచ్చచీటీ. కిడ్నీ మొరాయిస్తోందని పొరకు అనుమానం వస్తే ఎర్రచీటీ. ఎర్రచీటీ పట్టుకెళితే పెద్దాసుపత్రిలో ఆ రోజే రక్తపరీక్ష చేసేవారు.

ఆ తీరంలో కిడ్నీ జబ్బు ఏ ఇంటికీ కొత్త కాదు. కాళ్లు వాచేదాకా అది చప్పుడు చేయదు. చప్పుడు చేసేసరికి చేయగలిగింది పెద్దగా మిగలదు. దాన్ని ముందుగా పట్టుకోవడానికే విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాలలో డాక్టర్ శర్వాణి తొమ్మిదేళ్లు కష్టపడి ఈ పెట్టెను తయారుచేశారు. కుక్కముక్కు కణాల నుంచి పల్చటి పొరను పెంచారు. అది ప్రాణమున్న పొర. పదిహేను రోజులకొకసారి దానికి నాలుగు చుక్కల మేత వేయాలి. ప్రాణమున్నదే కాబట్టి అది మరిచిపోతుంది కూడా. ఆరోగ్యంగా ఉన్న ఊపిరి ఎలా ఉంటుందో దానికి మళ్లీ మళ్లీ చూపించాలి.

శర్వాణి మొదట్లో సిలిండర్లలో శుద్ధమైన గాలి పంపారు. దానికి అలవాటుపడ్డ పొర, సముద్రపు ఉప్పుగాలినీ, జీడిగింజలు కాల్చే పొగనీ జబ్బే అనుకుని ఊరంతటికీ ఎర్రచీటీలు పంచిపెట్టింది. ఆ గాలే పీలుస్తూ, ఆ నీళ్లే తాగుతూ, జబ్బు లేకుండా ఉన్న మనిషి ఊపిరి కావాలని అప్పుడు తేలింది. నూట పన్నెండు మందిని పరీక్షించారు. అందరిలోకీ నిర్మలంగా ఉన్న ఊపిరి ఢిల్లేశ్వరిది. పైగా పదేళ్లపాటు కొబ్బరిపీచు మిల్లులో యంత్రాలు విప్పి బిగించిన చెయ్యి. ఆమెనే సర్వీసు మనిషిగా తీసుకున్నారు. ఆమె ఊపిరే సున్నా. మిగతా అందరి ఊపిరీ జబ్బు వైపు ఆ సున్నాను ఎంత దాటిందో పొర కొలిచేది.

“నీ సేతిలో పానాలున్నాయి మావా. నా ఊపిర్లో ఇరవైమూడు ఊళ్లున్నాయి” అనేది ఆమె భర్త లోకనాథంతో. అతను పానాలు పట్టి పడవల ఇంజన్లు బాగుచేస్తాడు.

“అయితే నీకు జలుబు సేస్తే ఊళ్లన్నీ తుమ్మాలి గావాల” అని అతను నవ్వేవాడు. నవ్వేవాడే గాని, సున్నా రోజులు దగ్గరపడితే తనకిష్టమైన ఎండుచేపల పులుసు మాట ఎత్తేవాడు కాదు.

ఆ రోజుల్లో ఆమె ఊళ్లోకి వచ్చిందంటే చూడ్డానికి జనం చేరేవారు. ఆమె తలుపు తెరిచి, ఉప్పుగాలికి పట్టిన తుప్పును గీకి, గొట్టాన్ని స్పిరిట్‌తో తుడిచి, మాత్రల అరలు నింపి, చీటీల చుట్టలు మార్చేది. చివర్లో పొరకు మేత వేసి, కళ్లు మూసుకుని, పన్నెండుసార్లు నిదానంగా ఊదేది. లోపల తెల్లదీపం వెలిగితే సున్నా కుదిరినట్టు. రేషను దుకాణం అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లు హమ్మయ్య అన్నట్టు తలలూపేవారు. వాళ్ల ముఖాలు చూస్తే ఆమెకు ఒళ్లంతా వెలిగినట్టుండేది.

మొదటి రెండేళ్లలో ఆమె పెట్టెలు నాలుగు వందల పై చిలుకు మందిని వాపు రాకముందే పట్టి ఆసుపత్రికి పంపాయి. వాళ్లలో చాలామంది ఇప్పటికీ తోటపనికి వెళ్తున్నారు.

మూడో ఏడు చివరికొచ్చాక శర్వాణి ఫోన్ చేశారు. ఆమె గొంతులో సంతోషం ఆగడం లేదు.

“ఢిల్లేశ్వరిగారూ, మీ రూట్లో ఎర్రచీటీలు నెలనెలా తగ్గుతున్నాయి. జబ్బు వెనక్కి తగ్గుతోంది! వచ్చే నెల సభ పెడుతున్నారు. ఇంకో నాలుగు జిల్లాలకు పెట్టెలు ఇస్తామంటున్నారు. మిమ్మల్ని వేదిక మీద నా పక్కన కూర్చోబెడతాను.”

ఢిల్లేశ్వరి ఆ వారమే సభ కోసం ఆకుపచ్చ పట్టుచీర ఇస్త్రీ చేయించింది. కానీ ఒక సంగతి ఆమెను గుచ్చుతూనే ఉంది. ఎర్రచీటీల చుట్ట ప్రతి పెట్టెలోనూ నెలనెలా కొంత అరిగేది. ఇప్పుడు ఐదు నెలలైనా ఏ పెట్టెలోనూ చుట్ట అరగలేదు. జబ్బు తగ్గితే ఒక ఊళ్లో ఎక్కువ, ఒక ఊళ్లో తక్కువ తగ్గాలి. ఇరవై మూడు ఊళ్లలోనూ ఒకేలా తగ్గడమేమిటి?

ఒక మధ్యాహ్నం మొగలిపేటలో పెట్టె తుడుస్తుంటే తవిటమ్మ వచ్చింది. పీచుతాళ్లు పేనే మనిషి, ఢిల్లేశ్వరికి అత్త వరస. ఎప్పుడూ నాలుగు మాటలు విసిరేదల్లా ఆ రోజు మాట్లాడకుండా చీర కుచ్చిళ్లు పైకెత్తి కాళ్లు చూపించింది. పాదాలు పొంగిన రొట్టెల్లా ఉన్నాయి.

“ఏటత్తా ఇది? ఎప్పట్నుంచి?”

“పది దినాలయింది. పెద్దాసుపత్రికెళ్తే రక్తం తీసినారు. రెండు కిడ్నీలూ పాడైపోనాయంట. ముందే ఎందుకు రాలేదని తిట్టినారు.” తవిటమ్మ కొంగుముడి విప్పి ఐదు పచ్చచీటీలు తీసి అరుగు మీద పరిచింది. “నెలనెలా ఊదినానమ్మీ. బాగున్నావనే సెప్పింది నీ పెట్టె. నీ ఊపిరి పెట్టిన పెట్టె గదా అని నాను నమ్మినాను.”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండునని ఢిల్లేశ్వరికి అనిపించింది.

ఆమె పెట్టెను పూర్తిగా విప్పింది. గొట్టం శుభ్రంగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది. పొర తేమగా, గులాబీరంగులో, ప్రాణంతో ఉంది. ఎక్కడా లోపం లేదు. మళ్లీ బిగించి తవిటమ్మ చేత ఊదించింది. పచ్చచీటీ వచ్చింది. వాచిన కాళ్లతో ఆమె ఎదురుగానే నిలబడి ఉంది.

అన్నీ సరిగ్గా ఉన్న యంత్రం అబద్ధం చెబుతోందంటే, దానికి నేర్పిన పాఠమే తప్పయి ఉండాలి. నేర్పిందెవరు? ఢిల్లేశ్వరి అరుగు మీద కూలబడింది. ఈ మధ్య బండి ఎక్కితే వస్తున్న ఆయాసం, పొద్దున్నే నోట్లో ఇనుములాంటి రుచి అప్పుడు గుర్తొచ్చాయి. పనిభారం అనుకుని ఇన్నాళ్లూ వాటిని పక్కన పెట్టింది.

మర్నాడు ఆమె తవిటమ్మను బండిలో కూర్చోబెట్టుకుని ఇచ్ఛాపురం వైపు రూటుకు వెళ్లింది. అక్కడి పెట్టెలకు దండాసి అనే అతను సర్వీసు చేస్తాడు. వాటికి సున్నా అతని ఊపిరి. తవిటమ్మ ఊదింది. ఎర్రచీటీ. తర్వాత ఢిల్లేశ్వరి గొట్టానికి నోరు ఆనించింది. ఎన్ని వందలసార్లో చేసినట్టే కళ్లు మూసుకుని నిదానంగా ఊదింది.

ఎర్రచీటీ.

తవిటమ్మ ఆ చీటీని చూసి, ఆమె ముఖం చూసి, “ఓలమ్మో, నువ్వు కూడానా?” అంటూ ఆమెను దగ్గరకు లాక్కుంది.

కిడ్నీ పాడవుతున్న ఊపిరిని పదిహేను రోజులకొకసారి ‘ఆరోగ్యమంటే ఇదే’ అని తానే పొరలకు నేర్పుతూ వచ్చింది. తనకున్న జబ్బే ఎదుటివాళ్లకు ఉంటే, పొరకు అందులో తేడా ఏముంటుంది?

ఆమెకు మొదట సిగ్గూ ఏడుపూ ముంచుకొచ్చాయి. ఆ వెంటనే లెక్క గుర్తొచ్చింది. తన రూట్లో వారానికి ఎనిమిది వందల మంది ఊదుతారు. ఈ క్షణంలో కూడా ఎవరో ఒకరు పచ్చచీటీ చూసుకుని నవ్వుకుంటూ ఇంటికి పోతూ ఉంటారు. అంతే, ఏడుపు ఆగిపోయింది. తవిటమ్మను ఇంటి దగ్గర దించి, లోకనాథం చేపల రేవు నుంచి తెచ్చిన ఐసు పెట్టెను బండిలో పెట్టించుకుని బయల్దేరింది. ఆ సాయంత్రం మొదలుపెట్టి మర్నాడు మధ్యాహ్నానికల్లా ఇరవై మూడు ఊళ్లూ తిరిగింది. ప్రతి పెట్టెలోంచీ పొర ఉన్న పళ్లేన్ని జాగ్రత్తగా తీసి, ఊరి పేరు రాసి ఐసులో పెట్టింది. తలుపు మీద కాగితం అంటించింది: ‘ఈ పెట్టె పనిచేయదు. పచ్చచీటీలు నమ్మవద్దు.’

అప్పుడు శర్వాణికి ఫోన్ చేసింది.

అంతా విని శర్వాణి, “ఒక్క యంత్రం మాటకే ఇంత నిర్ణయమా? దండాసి పొరే తప్పు కావచ్చు. వారం రోజులు టైమివ్వండి, ఇక్కడ పరీక్షించి చెబుతాను. ఈలోగా ఎవరితోనూ అనకండి” అన్నారు.

“పొరలు తీసేశాను మేడమ్. ఇరవైమూడూ ఐసు పెట్టెలో ఉన్నాయి.”

“ఎవరి అనుమతితో?”

“పని సెయ్యని మిషన్ని ఆపడానికి సర్వీసు మనిషికి అనుమతెందుకండీ? అదే గదా నా డ్యూటీ.”

అవతల ఎవరో శర్వాణిని సభ గురించి ఏదో అడగడం, ఆమె “తర్వాత” అనడం వినిపించింది.

“నేను వస్తున్నాను” అన్నారు శర్వాణి. “మీరు పొరల్ని బతికించే తెచ్చారా?”

“మేత వేసే పెట్టాను మేడమ్.”

శర్వాణి చిన్న పరీక్షా పరికరంతో వచ్చి, ఢిల్లేశ్వరి ఇంటి వరండాలోనే బల్ల వేయించుకున్నారు. ముందు ఢిల్లేశ్వరి రక్తం తీసి ఆసుపత్రికి పంపారు. తర్వాత ఒక్కో పొరనూ పరికరం కింద పెట్టారు. కొత్త సున్నా నేర్చుకునే ప్రతిసారీ, అది పాత సున్నాకు ఎంత దూరం జరిగిందో పొర ఉన్న పళ్లెంలో నమోదవుతుంది. ఆ దూరం ప్రతిసారీ చాలా చిన్నది కావడంతో ఎవరూ పట్టించుకోలేదు. శర్వాణి ముప్ఫై నాలుగు నెలల దూరాలనూ కలిపి చూశారు. తెరమీద గీత తొమ్మిదో నెల దాకా నేలబారుగా ఉండి, అక్కడి నుంచి మెల్లగా మెట్లెక్కుతూ పోయింది. ఇరవై మూడు పొరలదీ అదే గీత.

“మొదటేడు మీకు రక్తపరీక్ష చేయించాం” అన్నారామె తల దించుకుని. “తర్వాత మానేశాం. యంత్రమే పదిహేను రోజులకొకసారి చూస్తోంది కదా అనుకున్నాను. యంత్రం మిమ్మల్ని చూడటం లేదు. మీ కళ్లతో లోకాన్ని చూస్తోంది. నాకు తట్టలేదు. ఇది నా తప్పు ఢిల్లేశ్వరిగారూ.”

లోకనాథం గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. “ఇప్పుడేటి సేస్తారు?” అన్నాడు.

“ఊళ్లలో సెప్పాలి” అంది ఢిల్లేశ్వరి.

“ఆసుపత్రోళ్లు సెప్తారు. నువ్వెందుకు? జనం ఊరుకుంటారా ఢిల్లీ? నీ పెట్టెని నమ్ముకుని పాడైపోనామంటారు. రాయిచ్చుకు కొడితే?”

“నా ఊపిరని నమ్మినారు మావా. కాగితమ్ముక్క పంపిస్తే నమ్ముతారా? నాను సెప్తేనే పరీక్షకెల్తారు.”

రక్తపరీక్షలోనూ జబ్బేనని తేలాక ఆమె మొదట మొగలిపేటకే వెళ్లింది. పంచాయతీ మైకు చేతికిచ్చారు. శర్వాణి పక్కనే నిలబడ్డారు.

“నాను ఢిల్లేశ్వరిని. మీ ఊపిరి పెట్టె సూసుకునేదాన్ని. నాకు కిడ్నీ జబ్బొచ్చింది, నాకు తెలవలేదు. నా జబ్బు ఊపిర్నే మంచిదని పెట్టెకి నేర్పీసినాను. ఏడాది పైగా మీకిచ్చిన పచ్చసీటీలు తప్పు. ఊదినోళ్లందరూ రక్తం సూపించుకోండి. రేపు ఇక్కడికే ఆసుపత్రి బండి వస్తాది.”

ఒకతను లేచి అరిచాడు. “ఇప్పుడు సెప్తావేటి? మా అన్న కాళ్లు వాచిపోనాయి!” ఇంకెవరో, “నీ ఊపిరి గొప్పని ఊరేగినావు గదా!” అన్నారు. ఢిల్లేశ్వరి మైకు దించలేదు, తల దించలేదు. అడిగిన ప్రతి మాటకూ జవాబు చెప్పింది. చివరికి తవిటమ్మ వాచిన కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి ఆమె పక్కన నిలబడింది.

“నన్నడగండి” అంది. “నాకు జరిగినాది గదా. తప్పు తెలిసినెంటనే పెట్టెలు మూసీసి మన ముందుకొచ్చి నిలబడినాది ఇది. ఇన్నేళ్లలో మన ముందు ఇలగ నిలబడినోళ్లు ఇంకెవులున్నారు? నోరు మూసుకుని రేపు రక్తమివ్వండి.”

మర్నాడు మొగలిపేటలో వరస బస్సు రోడ్డు దాకా వచ్చింది. ఆమె ఇరవై మూడు ఊళ్లలోనూ ఇలాగే చెప్పింది. గొంతు బొంగురుపోయినా ఒక్క ఊరినీ ఇంకొకరికి వదల్లేదు. ఆరువేల మందికి పరీక్షలు జరిగాయి. పచ్చచీటీలు పట్టుకుని తిరుగుతున్నవాళ్లలో రెండు వందల పద్నాలుగు మందికి జబ్బు ఉంది. ఎక్కువమంది మందులతో నిలదొక్కుకునే దశలోనే దొరికారు. తవిటమ్మ వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లాల్సి వచ్చింది. ఒడ్డుగూడెంలో కొబ్బరిచెట్లెక్కే ఒకతను మాత్రం నాలుగు నెలలకే పోయాడు. అతని భార్య ఢిల్లేశ్వరితో ఈనాటికీ మాట్లాడదు. ఆమెను మాట్లాడించే ప్రయత్నం ఢిల్లేశ్వరి కూడా చేయలేదు. ఆ కోపం ఆమెకు హక్కు అనుకుంది.

సభ జరగలేదు. నాలుగు జిల్లాల మాట ఆగిపోయింది. శర్వాణి మీద విచారణ పెడితే, ఆమె తన తప్పును తనే రాసి ఇచ్చి, మళ్లీ పరిశోధనశాలలో కూర్చున్నారు. ఢిల్లేశ్వరికి వచ్చిన జబ్బు సగం దారిలో ఉంది. మందులు, ఉప్పు లేని తిండి, లెక్కగా నీళ్లు. ఆమె ఊపిరి ఇక సున్నాకు పనికిరాదు. ఆ సంగతి కాగితం మీద వచ్చిన రోజున ఆమె పెరట్లో కూర్చుని మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చింది. జబ్బుకు ఏడవలేదు, దానికి ఏడ్చింది. లోకనాథం పక్కన కూర్చుని ఆమె పనిసంచిలోని స్క్రూడ్రైవర్లన్నీ ఒక్కొక్కటే తుడిచి పెట్టాడు.

“ఊపిరి పోతే పోనాది. సెయ్యి ఉంది గదా ఢిల్లీ” అన్నాడు చివరికి.

ఆరు నెలల తర్వాత శర్వాణి ఆమెను విశాఖకు పిలిపించారు. ఆ గీతను గోడ మీద పెద్దదిగా చూపించారు.

“జబ్బు వచ్చాక దాన్ని కొలిచినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. మంచి ఆరోగ్యం నుంచి జబ్బులోకి ఒక మనిషి అడుగడుగునా ఎలా నడిచిందో కొలిచినవాళ్లు మాకు తెలిసి ఎవరూ లేరు. ఇదొక్కటే ఉంది. మీరు ఒక్క పక్షం కూడా తప్పకుండా సర్వీసు చేశారు కాబట్టి ఉంది. ఒక్క పొరను కూడా చావనివ్వకుండా ఐసులో తెచ్చారు కాబట్టి ఉంది.” శర్వాణి గీత మొదట్లోని మెట్లు చూపించారు. “పాత పెట్టె ఎర్రచీటీ ఇచ్చేసరికి కిడ్నీ మూడోవంతు పోయి ఉండేది. దీన్ని నేర్పితే, రక్తపరీక్షకు కూడా దొరకని రోజుల్లోనే పొర పట్టుకుంటుంది. నెలకొకటి చొప్పున ముప్ఫై నాలుగు మెట్లు చేశాను. మీ అనుమతి కావాలి.”

ఢిల్లేశ్వరి గోడ దగ్గరకు వెళ్లి ఆ గీత మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది.

“వాడండి మేడమ్” అంది. “కానీ సున్నా మాత్రం ఇంకెప్పుడూ ఒక్కరి మీద పెట్టకండి.”

కొత్త పెట్టెకు సున్నా ఇరవై మంది ఊపిరి; ఒక్కో ఊపిరినీ ముందు ఆ మెట్లతో పోల్చి చూశాకే పొర తీసుకుంటుంది. వాళ్లందరికీ మూడు నెలలకొకసారి రక్తపరీక్ష తప్పనిసరి అని నియమం పెట్టారు. మొదటి పెట్టెను మొగలిపేటలోనే నిలబెట్టారు. బిగించింది ఢిల్లేశ్వరే. ఊపిరి ఇవ్వడానికి ఊళ్లోవాళ్లు పోటీపడి పేర్లు రాయించుకున్నారు. రక్తపరీక్షలో బాగున్న ఇరవై మంది ఆ ఆదివారం పొద్దున్న తలంట్లు పోసుకుని వరసలో నిలబడ్డారు. లోకనాథం ఆరోవాడు. శర్వాణి ఒక పక్కన నిలబడి చూస్తున్నారు.

మూడో మనిషి పుణ్యవతి. ఇరవై ఆరేళ్లది, జీడి కార్ఖానాలో పనిచేస్తుంది. ఊదమంటే రొమ్ము విరుచుకుని ఊదింది. తెల్లదీపం వెలగలేదు. లోపల చిన్న చప్పుడై ఎర్రచీటీ బయటికొచ్చింది.

“మిషను పాడైనాది” అంది పుణ్యవతి నవ్వి. “మొన్నే రక్తం బాగుందన్నారప్పా. యాభై కేజీల బస్తా ఒంటిసేత్తో లేపుతాను. నాకేటి జబ్బు?”

ఢిల్లేశ్వరి గొట్టం మార్చి మళ్లీ ఊదించింది. అదే చీటీ. దాని మీద ఒక అక్షరం, పక్కన ఒక అంకె: ఢి-11. ఆమె శర్వాణి వైపు చూసింది. శర్వాణి మెల్లగా తల ఊపారు.

“పదకొండో నెల” అంది ఢిల్లేశ్వరి. “రక్తంలో ఇంకా కనబడదు. పదకొండో నెల్లో నానూ బరువులెత్తినాను, ఎండలో రోజంతా బండి నడిపినాను. లోపల మొదలైపోనాదని నాకు సెప్పినోళ్లు లేరు. నీకు నాను సెప్తున్నాను. ఈ వారమే ఆసుపత్రికి రా, నాను తీసుకెల్తాను. ఇంత ముందుగా దొరికితే అది ముదరదు. నువ్వు బస్తాలెత్తుతూనే ఉంటావు.”

పుణ్యవతి నవ్వు ఆగిపోయింది. చీటీని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఢి అంటే ఏటప్పా?”

ఢిల్లేశ్వరి నిటారుగా నిలబడింది.

“నాను” అంది.